బల్ల మీది సారు

మంగళవారం ఉదయం ఐదు గంటల యాభై నిమిషాలకు లింగంపల్లిలోని ఒక ఆసుపత్రిలో బల్ల సారు చనిపోయారు. అరవై ఒక్క ఏళ్లు. రెండు మూత్రపిండాలూ పని చేయడం మానేసి ఏడాది దాటింది. అదే ఉదయం ఆరున్నరకు గచ్చిబౌలిలోని ఇండోర్ హాలులో జాతీయ మహిళల వాలీబాల్ జట్టుకు శిక్షణ ఉంది. దాన్ని ఆపలేదు. అమ్మాయిలంతా నెట్ వెంట వరసగా ఒక నిమిషం నిలబడ్డారు. తర్వాత ఇద్దరు వెళ్లి బంతుల బండి తోసుకొచ్చారు. బల్లను మాత్రం ఆ రోజు ఎవరూ ముట్టుకోలేదు.

ఆపొద్దని చెప్పింది ఆయనే. ఆదివారం చీఫ్ కోచ్ చూడటానికి వెళ్లినప్పుడు, తాను ఏ రోజు పోయినా సరే ప్రాక్టీసు బంద్ పెట్టొద్దని, ఎంపికైన జట్టు జాబితా శనివారమే చదువుతారని గుర్తు చేశారట.

వాలీబాల్ తెలియనివారికి బల్ల సంగతి చెప్పాలి. నెట్ అవతల నుంచి ఎగిరి కొట్టే స్మాష్‌ను కింద నిలబడి రెండు ముంజేతులతో తీయడం ఈ ఆటలో కష్టమైన పని. దాన్ని రోజూ వందలసార్లు సాధన చేయాలి. రోజూ వందలసార్లు ఎగిరి కొట్టగల మనిషి ఎక్కడా ఉండడు. అందుకని నెట్ అవతల ఒక బల్ల వేస్తారు. దాని మీద ఒకరు నిలబడి, బంతి తర్వాత బంతి కొడుతూనే ఉంటారు. ఇక్కడి శిబిరాల్లో పందొమ్మిదేళ్లు ఆ పని చేసింది ఆయన. కాగితాల మీద ఆయన సహాయ కోచ్. ఆ మాట ఎవరూ వాడలేదు. కేరళ నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన అమ్మాయిలు కూడా అర్థం తెలియకుండానే ‘బల్ల సార్’ అని పిలిచేవారు.

నాకు ఆయన తెలిసింది ఒక వారం పని మీద. జాతీయ జట్టు రోజు ఎలా గడుస్తుందో రాయమని మా పత్రిక నన్ను శిబిరానికి పంపింది. కథనం అచ్చయింది. నేను మాత్రం వెళ్లడం మానలేదు. ఆఫీసుకు వెళ్లే దారిలోనే హాలు ఉండటం ఒక కారణం. గోడ పక్కన కూర్చుని ఆయన కొట్టే చప్పుడు వినడం అలవాటు కావడం రెండోది.

ఆయన జీడిమెట్లలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పని చేసేవారు. ఫ్యాక్టరీకి ఒక వాలీబాల్ జట్టు ఉండేది, అందులో ఆయన స్మాషర్. ఫ్యాక్టరీ మూతపడ్డాక జట్టులో మిగతావాళ్లు డ్రైవర్లుగా, సెక్యూరిటీ గార్డులుగా వెళ్లిపోయారు. ఆయన బంతి పట్టుకుని ఉండిపోయారు. లింగంపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు. ఐదున్నరకు పాత స్కూటర్ మీద బయలుదేరేవారు. రాత్రి షిఫ్టు ముగించిన ఐటీ ఉద్యోగులను దింపే క్యాబ్‌లు ఎదురు వస్తుంటే, ఆరుకల్లా హాలు తలుపు దగ్గర ఉండేవారు.

బల్ల ఆయన చేయించుకున్నదే. ఇనుప కాళ్లు, పైన మందపాటి చెక్క, దాని మీద అరిగిపోయిన రబ్బరు చాప. అంచులు గీసుకోకుండా, అమ్మాయిలు వేళ్లకు చుట్టుకుని పారేసిన టేపు ముక్కలు ఏరి చుట్టూ అంటించేవారు. బల్ల ఎక్కేముందు బూట్లు విప్పేవారు. ఎందుకని అడిగితే, ‘కాలికి బల్ల తెల్వాలె గద’ అన్నారు.

డ్రిల్ పేరు ‘పది మంచివి’. తీసిన బంతి నేరుగా సెట్టర్, అంటే స్మాషర్‌కు బంతి లేపి ఇచ్చే అమ్మాయి, చేతుల్లో పడితే లెక్క ఒకటి పెరుగుతుంది. పడకపోతే ఒకటి తగ్గుతుంది. పది అయ్యేదాకా ఆ అమ్మాయి చోటు వదలకూడదు. ఒకరోజు ఒక అమ్మాయి ఎనిమిది దాకా వెళ్లి, అక్కడి నుంచి ఒక్కొక్కటే పోగొట్టుకుని సున్నాకు చేరింది. నేల మీద బోర్లా పడుకుని ఏడ్చింది. ఆయన బల్ల అంచున కూర్చుని కాళ్లు ఊపుతూ కాసేపు చూశారు.

‘ఏడ్చుడు అయినంక చెప్పు బిడ్డా. నాకేం తొందర లేదు. టిఫిన్ మాత్రం ఎనిమిదిన్నరకు బంద్ అయితది.’

ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుని నవ్వింది, లేచింది. ఆ రోజు టిఫిన్‌కు వాళ్లిద్దరే ఆలస్యంగా వెళ్లారు. ఇడ్లీలు అయిపోయాయి, ఉడికించిన గుడ్లు మిగిలాయి.

పెద్ద టోర్నమెంట్ ముందు ఆయన ప్రత్యర్థి జట్ల వీడియోలు చూసి, ఒక్కో స్మాషర్ ఎలా కొడుతుందో భుజానికి నేర్పుకునేవారు. ‘ఇయ్యాల నేను వాళ్ల నాలుగో నంబరు’ అని చెప్పి బల్ల ఎక్కేవారు. ఎవరైనా బంతి మీదే కళ్లు పెట్టి ఆలస్యమైతే ఒకటే మాట. ‘బంతిని చూసెటోళ్లు టికెట్ కొనుక్కొని పైన కూసుంటరు. నువ్వు కొట్టెటోళ్ల భుజం చూడు.’

భుజం సంగతికొస్తే, మధ్యాహ్నం భోజనం తర్వాత ఆయన జేబులోంచి ఒక పాత సున్నం డబ్బీ తీసి తెల్లటి మాత్ర మింగేవారు. ‘ఏంటి సార్ అది?’ అంటే ‘భుజానికి మేత’ అనేవారు. మొదట్లో ఒకటి. తర్వాత రెండు. చివరి ఏళ్లలో పొద్దున కూడా ఒకటి. మూత్రపిండాలు పోవడానికి ఆ మాత్రలే కారణమా అని నేను డాక్టరును అడిగాను. కారణాల్లో అదొకటి కావచ్చని మాత్రమే ఆయన అన్నారు. అంతకుమించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

శిబిరంలో ఒక ఆచారం ఉండేది. చివరి రోజు, జాబితా చదివే ముందు, అందరూ చోట్లు మార్చుకునేవారు. అమ్మాయిలు ఒక్కొక్కరే బల్ల ఎక్కాలి, సారు కింద నిలబడాలి. తలా ఒక్క బంతి. నెలల తరబడి తిన్న దెబ్బలన్నీ ఆ ఒక్క బంతిలో కొట్టేవారు. ఆయన మోకాళ్లు వంచి తీస్తూ, ‘గింతేనా నీ పగ? అన్నం తినలేదా?’ అని రెచ్చగొట్టేవారు. జాబితాలో పేరు ఉండదని ముందే తెలిసినవాళ్లు కూడా ఆ అరగంట నవ్వేవారు.

ఇక లిబెరో అమ్మాయి గురించి చెప్పాలి. ఆమెను వదిలేసి ఆయన గురించి రాస్తే అది సగం నిజమే అవుతుంది.

లిబెరో అంటే జట్టులో వేరే రంగు జెర్సీ వేసుకునే అమ్మాయి. ఆమె పని బంతిని తీయడమే. స్మాష్ కొట్టడానికి నియమాలు ఒప్పుకోవు. ఈమెది పాలమూరు వైపు నుంచి కూలి పనికి వచ్చి శేరిలింగంపల్లిలో స్థిరపడిన కుటుంబం. తల్లి హైటెక్ సిటీలో ఒక ఐటీ టవర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. అమ్మాయి పదకొండేళ్ల వయసులో సర్కారు బడి మైదానంలో ఆడుతుంటే సారు చూశారు. అప్పటి నుంచి ఆయన చేతి కిందే పెరిగింది. ఆరేళ్ల కిందట, ఇరవై ఏళ్లకు, జాతీయ శిబిరానికి వచ్చింది. జట్టులోకి వస్తే క్రీడాకారుల కోటాలో ఉద్యోగం ఖాయం. ఉద్యోగం వస్తే తల్లి చీపురు వదిలేయొచ్చు. ఆ ఇంట్లో ఇంకో దారి ఎవరూ ఆలోచించలేదు.

ఆ శిబిరం మూడో వారంలో ఆమె ఎడమ మోకాలు వాచింది. డాక్టరుకు చెబితే ఆట ఆపేస్తారు. ఆమె ఆ విషయం సారుకు ఒక్కరికే చెప్పింది.

నాకు అది అప్పుడు తెలియదు. నాకు తెలిసింది చప్పుడు. గట్టిగా కొట్టిన బంతి ముంజేతులకు తగిలితే ఒక పొడి చప్పుడు వస్తుంది, హాలు పైకప్పు దాకా వెళ్తుంది. అన్నేళ్లు వినీ వినీ, తల వంచుకుని రాసుకుంటున్నప్పుడు కూడా ఆయన ఎంత బలంగా కొట్టారో నాకు తెలిసేది. ఆ వారం బుధవారం ఆమె వంతు వచ్చినప్పుడు, ఎడమ వైపు బంతులకు మాత్రం, చప్పుడు పైకప్పు దాకా వెళ్లలేదు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను: ‘లిబెరో. ఎడమ. చప్పుడు తక్కువ.’ గురువారం అదే. శుక్రవారం అదే. ఆ రోజు గేటు బయట చాయ్ దుకాణం దగ్గర అడిగాను.

‘సార్, ఆ అమ్మాయికి తగ్గించి కొడుతున్నారా?’

ఆయన చాయ్ ఊదుకున్నారు. ‘ఎవలు చెప్పిండ్రు నీకు?’

‘ఎవరూ చెప్పలేదు. వినపడుతోంది.’

‘మస్తు చెవులున్నయి నీకు. రాస్తవా?’

‘చప్పుడు వార్త కాదు సార్.’

‘అయితే చాయ్ తాగు.’ గ్లాసు ఖాళీ అయ్యాక మెల్లగా అన్నారు: ‘వారం రోజులల్ల వాపు దిగుతది. గప్పటి దాంక జర...’

ఇద్దరు సాక్షులో ఒక కాగితమో ఉంటే తప్ప ఏదీ రాయకూడదన్నది నా నియమం. మంచి నియమమే. ఆ వారం దాన్ని నేను దేనికి అడ్డం పెట్టుకున్నానో నాకు తెలుసు. రాయలేదు సరే, చీఫ్ కోచ్‌కైనా చెప్పలేదు.

వాపు దిగలేదు. చీఫ్ కోచ్ దగ్గరున్న కాగితాల్లో మాత్రం ‘పది మంచివి’ అందరికంటే త్వరగా పూర్తి చేస్తున్నది ఆమే. కాగితంలో అబద్ధం లేదు. ఉన్నది బంతిలో.

చివరి రోజు వచ్చింది. అమ్మాయిలు వరసగా బల్ల ఎక్కి బలం కొద్దీ కొట్టారు. లిబెరో అమ్మాయి అందరికంటే చివర ఎక్కింది. బంతిని అరచేత్తో అలా తోసింది. చంటిపిల్లను అందించినట్టు అది సారు చేతుల్లో పడింది.

‘ఏంది బిడ్డా, నాకు గింత మెత్తగ కొట్టినవ్?’

‘మీరు నాకు కొట్టినట్టే కొట్టిన సార్.’

అందరూ పరాచికం అనుకుని నవ్వారు. ఆయన నవ్వలేదు. మిగతా బంతులన్నీ బండిలోకి చేరాక కూడా ఆ బంతి ఆయన చేతిలోనే ఉంది.

ఆమె పేరు జాబితాలో ఉంది. ఆమెతో పోటీ పడిన రెండో లిబెరో, ఒక్క మెత్తటి బంతి కూడా దక్కని అమ్మాయి, ఆ మధ్యాహ్నమే కిట్ బ్యాగు భుజాన వేసుకుని రైలెక్కింది. ఆమె గురించి ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు.

టోర్నమెంట్ విదేశంలో జరిగింది. మొదటి మ్యాచ్ ఆఫీసు టీవీలో చూశాను. రెండో సెట్‌లో అవతలి జట్టు వరసగా ఆమె ఎడమ వైపు కొట్టింది. మొదటి రెండు బంతులకు ఆమె ఆలస్యంగా చేరింది. నెల రోజులుగా ఆమె శరీరానికి అలవాటైన వేగం వేరు. మూడో బంతికి ఆ ఆలస్యం పూడ్చుకోవాలని ముందే దూకింది. ఎడమ కాలు నేలకు ఆనుకుని ఆగిపోయింది, శరీరం ఆగలేదు. మోకాలి లిగమెంట్ తెగింది. అంతకుముందే లోపలి మృదులాస్థి చీలి ఉందని, దాని మీదే ఆడిందని శస్త్రచికిత్స చేసిన డాక్టరు రాశారు. అది కాగితం మీద ఉంది. ఆమె మళ్లీ ఆడలేదు.

మ్యాచ్ జరిగిన నాలుగో రోజు సారు నాకు ఫోన్ చేశారు. ‘వాళ్లమ్మ దగ్గరికి పోవాలె. ఒక్కన్నే పోలేను, వస్తవా?’

టవర్ గేటు దగ్గర గార్డు పాస్ అడిగాడు. లేదు. ఫుట్‌పాత్ అంచు మీద కూర్చున్నాం. భోజనాల వేళకు మెడలో ఐడీ కార్డులతో వందలమంది బయటికొచ్చారు. అందరి వెనక, నీలం రంగు యూనిఫాంలో, చేతిలో టిఫిన్ డబ్బాతో తల్లి వచ్చింది.

‘సార్, గీ ఎండల మీరెందుకొచ్చిండ్రు? బిడ్డ ఫోన్ చేసింది. కాలు కదుపుతున్న అన్నది.’

‘కదుపుతదమ్మా. నడుస్తది. ఫికర్ లేదు.’

‘ఆడుతదా?’

సారు తల అడ్డంగా ఊపారు. ‘తప్పు నాది అమ్మా’ అన్నారు.

‘మీదేం తప్పు సార్? మోకాలు వాచిందంటే సారు జర మెల్లగ కొడ్తుండు అని బిడ్డ నాకు అప్పుడే చెప్పింది. సొంత బిడ్డ లెక్క చూసుకున్నరు. గట్ల ఎవలు చూస్తరు?’ ఆమె కాళ్లకు మొక్కబోతే ఆయన రెండడుగులు వెనక్కి జరిగారు. ‘తిన్నరా?’ అని ఆమె డబ్బా మూత తీసింది. వద్దంటే ఒప్పుకోలేదు. ఆయన ఆ మూతలోనే అన్నం, పప్పు పెట్టించుకుని, నిలబడి తిన్నారు.

స్కూటర్ దగ్గరికి నడిచాం. తాళం చెవి తిప్పుతూ అన్నారు: ‘తిడ్తే మంచిగుండేది.’

ఆ సాయంత్రమే చీఫ్ కోచ్‌కు అంతా చెప్పేశారు. చీఫ్ కోచ్ కోప్పడ్డారు కానీ తీసేయలేదు. దయ వల్ల కాదు. మర్నాడు బల్ల ఎక్కడానికి ఇంకో మనిషి లేడు.

అప్పటి నుంచి ఆయన చెయ్యి ఎవరికీ తగ్గలేదు. అమ్మాయిలు రాయి అన్నారు, రాక్షసుడు అన్నారు. టేపు ముక్కలు ఏరడం మానలేదు కానీ టిఫిన్ పరాచికాలు పోయాయి. ప్రతి శిబిరం మొదటి రోజు కొత్తవాళ్లను వరసగా నిలబెట్టి ఒకే మాట చెప్పేవారు. ‘నొప్పి ఉంటే డాక్టరుకు చెప్పుండ్రి. నాకు చెప్పకుండ్రి. నాకు చెప్తే నా చెయ్యి వింటది.’

డయాలసిస్ మొదలయ్యాక వారంలో మూడు రోజులు ఆయన రాలేకపోయారు. అప్పుడు లిబెరో అమ్మాయికి కబురు చేశారు. ఒక్క మ్యాచ్‌తోనే ఆట ఆగిపోవడంతో ఆమెకు కోటా ఉద్యోగం రాలేదు. మోకాలు కుదిరాక కోచింగ్ డిప్లొమా చేసి, పొద్దునపూట పిల్లలకు ఆట నేర్పుతోంది. తల్లి ఇంకా ఆ టవర్‌లోనే పని చేస్తోంది.

‘బల్ల ఎక్కు’ అన్నారు.

‘నేను లిబెరోను సార్. నాకు కొట్టుడు రాదు.’

‘ఏ బంతి కష్టమో తీసెటోళ్లకే ఎర్క. ఎక్కు.’

తాను ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కోర్టుకు వీపు పెట్టి కూర్చునేవారు. చూడరు, వింటారు. ‘మెత్తగున్నది. ఇంకోటి.’ ఆమె కొట్టేది. ‘మెత్తగున్నది. ఇంకోటి.’ నెలలు పట్టింది. ఒకరోజు భుజం పట్టేసి, ఆమె ఒక మాత్ర ఇవ్వమని అడిగింది. ఆయన జేబులోంచి సున్నం డబ్బీ తీశారు. దాన్ని ఆమె ఎదుటే చెత్తబుట్టలో వేశారు. ‘ఐస్ పెట్టు. లేకుంటే దిగు’ అన్నారు. ఆమె ఐస్ పెట్టుకుంది.

చివరిసారి ఆయనను చూసింది సోమవారం సాయంత్రం. నేను వెళ్లేసరికి ఆమె ప్రాక్టీసు దుస్తుల్లోనే మంచం పక్కన స్టూలు మీద ఉంది. ఆయన కళ్లు మూసుకునే మాట్లాడారు.

‘కొత్త లిబెరో ఎట్లున్నది?’

‘మంచిగ తీస్తుంది సార్. శనివారం సంది ఎడమ మోకాలుకు టేపు చుట్టుకుంటుంది.’

‘డాక్టరుకు చూపెట్టిందా?’

‘అడిగిన. ఏం లేదక్కా అన్నది.’

‘నీకు చెప్పిందా, నొప్పి అని?’

‘చెప్పలే.’

‘చెప్తది. లిస్టుకు ముందుగాల చెప్తది.’ ఊపిరి కోసం ఆగారు. ‘అప్పుడేం జేస్తవ్?’

ఆమె జవాబు చెప్పేలోగా నర్సు వచ్చి సమయం అయిపోయిందంది. పన్నెండు గంటల తర్వాత ఆయన లేరు.

ఈ రోజు, బుధవారం ఉదయం, అంత్యక్రియలు జరిగాయి. జట్టంతా ట్రాక్‌సూట్లలో వచ్చింది. జీడిమెట్ల ఫ్యాక్టరీ జట్టులో మిగిలినవాళ్లు నలుగురు వచ్చారు. లిబెరో అమ్మాయి తల్లి పనికి సెలవు పెట్టి వచ్చి గేటు దగ్గర నిలబడింది. అంతా అయ్యాక, కొత్త లిబెరో ఆమె కూతురిని పక్కకు పిలిచి ఏదో చెప్పడం చూశాను. కొత్త లిబెరో పందొమ్మిదేళ్ల పిల్ల, వేరే రాష్ట్రం. రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. తర్వాత ఆ పిల్ల గట్టిగా ఏదో అని, ఏడుస్తూ బస్సు వైపు వెళ్లిపోయింది.

ఆరేళ్ల కిందట అడిగి వదిలేశాను. ఈసారి వెళ్లి పూర్తిగా అడిగాను.

‘నొప్పి ఉన్నదంట అన్నా. రాత్రిళ్లు నిద్ర పడతలేదంట. లిస్టు అయ్యేదాంక ఎడమ దిక్కు మెల్లగ కొట్టు అక్కా అన్నది.’

‘నువ్వేమన్నావు?’

‘డాక్టరు గది ఆరింటికి తెరుస్తరు, తలుపు దగ్గర నేనుంట అన్న. నువ్వు రాకున్నా నేను చెప్త అన్న.’ ఆమె కుడి భుజం ఒకసారి తిప్పుకుంది. ‘మస్తు తిట్టింది. ఏమని తిట్టిందో తెల్వదు, వాళ్ల భాషల తిట్టింది. తిట్టనీ.’

శిబిరం నోటీసు బోర్డు మీది కాగితం ప్రకారం, రేపు గురువారం ఆరున్నరకు బంతి తీసే డ్రిల్, ఎడమ వైపు, పది మంచివి. ‘బల్ల మీద ఎవరు’ అన్న చోట సారు పేరు కొట్టేసి ఆమె పేరు రాశారు. జాబితా శనివారం మధ్యాహ్నం చదువుతారు. డాక్టరు గది రేపు ఆరు గంటలకు తెరుస్తారు.